ట్రే ఎత్తి చూశాకే నీళ్ళు: ఇంట్లో పీట్ మాస్ మిశ్రమంలో నారు పెంచే పద్ధతి

రెండేళ్ళ కిందట జూలైలో, ఒంగోలులో మా హాలు కిటికీ దగ్గర రెండు ట్రేల మిరపనారు పోశాను. ఒకే ప్యాకెట్ విత్తనం, ఒకే సంచిలోని పీట్ మాస్ మిశ్రమం, ఒకే రోజు విత్తడం. రోజూ పొద్దున్నే రెండిటికీ ఒకే మగ్గుతో కొలిచినట్టు నీళ్ళు పోసేదాన్ని. మూడో వారంలో ఫ్యాను కిందున్న ట్రేలో మొక్కలన్నీ తలలు వాల్చేశాయి. గోడవారగా ఉన్న ట్రేలో మొక్కల కాడలు మొదలు దగ్గర దారప్పోగులా సన్నబడి పక్కకు పడిపోయాయి.

మొదటి ట్రే ఎత్తితే ఖాళీ అట్టపెట్టెలా చేతికి తేలిపోయింది. ఒక గుంతలోంచి మొక్కను లాగి చూస్తే పైన గోరు మందాన తడి, దాని కింద వేరు ఉన్న చోటంతా పొడి. రెండో ట్రే ఎత్తబోతే అడుగు నుంచి ధారగా నీళ్ళు కారాయి. పైనుంచి చూసినప్పుడు మాత్రం రెండూ అదే లేత గోధుమరంగులో, ఒకేలా ఆరినట్టు కనిపించాయి.

ఆ రోజు నుంచి ట్రే ఎత్తి చూడకుండా నేను చుక్క నీళ్ళు పోయడం లేదు. ఇక్కడ చెప్పబోయే దానికంతటికీ ఆయువుపట్టు అదే. రంగు చూసి కాదు, గడియారం చూసి కాదు, బరువు చూసి నీళ్ళు పోయాలి. ఎందుకో, ఎలాగో మొదటి నుంచి చెబుతాను.

ఇది మట్టి కాదు

మా అత్తగారిది పొదిలి వైపు పల్లె. మళ్ళు కట్టి పొగాకు నారు, మిరపనారు పెంచిన చేయి ఆవిడది. మడిలో మట్టిని వేలితో గీరి చూసి, "ఇంకో పూట ఆగొచ్చులే అమ్మాయ్" అని చెప్పేస్తారు. ఆ లెక్క నల్లరేగడికీ ఎర్రనేలకీ ఎప్పుడూ తప్పలేదు. నా ట్రేల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆవిడ వేలు కూడా మోసపోయింది.

చలిదేశాల చిత్తడి నేలల్లో స్ఫాగ్నమ్ అనే నాచు వేల ఏళ్ళుగా పొర మీద పొర పేరుకుని, గాలి తగలక పూర్తిగా కుళ్ళకుండా ఉండిపోతుంది. దాన్ని తవ్వి ఆరబెట్టి సంచులకెత్తితే పీట్ మాస్. కెనడా, లాత్వియా, లిథువేనియా, ఎస్టోనియా వంటి దేశాల్లో దీన్ని తవ్వుతారు. తన బరువుకు పది రెట్లకు పైగా నీళ్ళు పట్టి ఉంచగలదు. సహజంగా పులుపెక్కువ, పీహెచ్ 3.5 నుంచి 4.5 దాకా ఉంటుంది. అందుకే నారు కోసం అమ్మే మిశ్రమంలో సున్నం కలిపి పులుపు తగ్గిస్తారు, గాలి ఆడటానికి పెర్లైట్ అనే తెల్ల గుళ్ళు కలుపుతారు.

నీళ్ళ విషయంలో దీనికి రెండు గుణాలున్నాయి. మనం చేసే తప్పులన్నీ వాటి దగ్గరే మొదలవుతాయి.

మొదటిది, బాగా ఎండితే నీటిని దగ్గరకు రానివ్వదు. తామరాకు మీద బొట్టులా నీరు పైనే దొర్లుతుంది. పైగా ఎండిన ముద్ద కుంచించుకుపోయి గుంత గోడను వదిలేస్తుంది. ఆ సందులోంచి నీళ్ళు నేరుగా అడుగుకు జారి బయటికి పోతాయి. కింద నీళ్ళు కారాయి కదా, తడిసిందిలే అనుకుంటాం. లోపల వేరు మాత్రం ఎండుతూనే ఉంటుంది. నా మొదటి ట్రేకి జరిగింది ఇదే.

రెండోది, తడిసిన మిశ్రమం అడుగున ఎప్పుడూ కొంత నీరు నిలిచే ఉంటుంది. ఇది నమ్మకం కుదరాలంటే గిన్నెలు తోమే స్పాంజి ఒకటి తీసుకోండి. నీళ్ళలో ముంచి, పిండకుండా, అరచేతి మీద పడుకోబెట్టి పట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇప్పుడు అదే స్పాంజిని నిలువుగా నిలబెట్టండి. మళ్ళీ కారడం మొదలవుతుంది. నీరు దిగిపోవాలంటే ఎత్తు ఉండాలి. ప్రోట్రే, అంటే నారు పెంచే గుంతల ప్లాస్టిక్ ట్రే, గుంత లోతు రెండంగుళాలు కూడా ఉండదు, అంటే అది పడుకోబెట్టిన స్పాంజి లాంటిది. అడుగున రంధ్రం ఉన్నా కింది భాగం నీటితో నిండే ఉంటుంది. పైన ఆరిపోయినట్టు కనిపిస్తుంటే, కింద వేరుకు ఊపిరాడదు. రెండో ట్రేకి పట్టిన గతి ఇది. నీరు దిగుతుందని కప్పు అడుగున గులకరాళ్ళు వేసేవాళ్ళున్నారు. దానివల్ల నీరు నిలిచే చోటు రాళ్ళ పైకి, అంటే వేళ్ళ దగ్గరికి జరుగుతుందే తప్ప లాభం లేదు.

ఒక మాట. మన దగ్గర నర్సరీల్లో ఎక్కువగా వాడేది కోకోపీట్, కొబ్బరి పొట్టు. అది ఎండినా మళ్ళీ సులువుగా నీరు పీల్చుకుంటుంది. కొత్తగా కొనబోయేవాళ్ళకు నేను కోకోపీట్ తీసుకోమనే చెబుతాను, ఉప్పు పోయేలా కడిగినది చూసి. పీట్ పొర ఏడాదికి ఒక మిల్లీమీటరు పేరుకోవడమే గొప్ప, తవ్విన చోట మళ్ళీ తయారవ్వాలంటే తరాలు పడుతుంది. కానీ ఆన్‌లైన్లో కొన్న సంచి ఇప్పటికే ఇంట్లో ఉంటే, నీళ్ళలో ఉబ్బే పీట్ బిళ్ళలు ఎవరైనా తెచ్చిస్తే, వాటిని వృథా చేయకుండా సరిగ్గా వాడుకుందాం.

ఏ నీళ్ళు పోయాలి

మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో దీని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. మొలకకు ఉన్నది చారెడు మిశ్రమం. అందులోకి రోజూ వచ్చే ఉప్పు ఎక్కడికీ పోదు.

ఒంగోలులో చాలా వీధుల్లో బోరు నీళ్ళు నోట్లో పోసుకోలేం. మా వీధీ అంతే. బకెట్ అంచున తెల్లగా చారలు కట్టే నీళ్ళు పెరిగిన జామచెట్టుకు పర్వాలేదేమో గానీ, మొలకకు విషమే. మున్సిపల్ కుళాయిలో వచ్చే సాగర్ నీళ్ళు నయం. నెల్లూరు వాళ్ళకు పెన్న నీళ్ళు వస్తే అదృష్టం. అన్నిటికన్నా మేలు వాన నీళ్ళు. అక్టోబరు, నవంబరుల్లో మనకు కురిసే వానల్లో రెండు డ్రమ్ములు పట్టి మూత పెట్టుకుంటే చలికాలం నారుకంతా సరిపోతాయి.

నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో అంకెలో చూపే చిన్న టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కోండి. లేదంటే ఆర్‌ఓ మిషన్ సర్వీసుకు వచ్చే అబ్బాయి దగ్గర ఉంటుంది, మీ కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు చూపించుకోండి. 300 లోపు వస్తే నిశ్చింతగా పోయొచ్చు. 300 నుంచి 500 మధ్య ఉంటే సగానికి సగం వాన నీళ్ళో ఏసీ గొట్టంలోంచి కారే నీళ్ళో కలపండి. 500 దాటితే నేను మొలకలకు పోయను.

మన ఇళ్ళలో మంచి మనసుతోనే చేసే పొరపాటు ఒకటుంది. ఆర్‌ఓ మిషన్ బయటికి వదిలే నీళ్ళను వృథా చేయడం ఇష్టం లేక మొక్కలకు పోస్తాం. మంచినీళ్ళలోంచి తీసేసిన ఉప్పంతా చేరేది ఆ నీళ్ళలోకే. ఇల్లు తుడవండి, బాత్రూంకి వాడండి, నారుకు మాత్రం వద్దు. నీళ్ళ గరుకు తగ్గించే సాఫ్టెనర్ మిషన్ నీళ్ళూ వద్దు, అందులో సున్నం పోయి దాని బదులు సోడియం చేరుతుంది. కాచి చల్లార్చినా ఉప్పు పోదు.

ఏసీ గొట్టంలోంచి కారే నీళ్ళు మాత్రం పట్టుకోండి. గాలిలో తేమ చల్లబడి కారేవే కాబట్టి వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. మా ఇంట్లో మే నెలలో రాత్రికి ఒక బకెట్ నిండుతుంది. చిన్న ట్రేలకు అంతకన్నా ఏం కావాలి?

నీళ్ళ వేడి కూడా చూసుకోండి. వేసవిలో మిద్దె మీద నల్ల ట్యాంకులోంచి మధ్యాహ్నం వచ్చే నీళ్ళకు చేయి కాలుతుంది, లేత వేరు తట్టుకోలేదు. పొద్దున్నే బకెట్‌లో పట్టి నీడన ఉంచుకున్న నీళ్ళే వాడాలి. ఫ్రిజ్ నీళ్ళు కూడా వద్దు. చేయి పెడితే చల్లగా గానీ వెచ్చగా గానీ అనిపించకూడదు.

విత్తే ముందే తడపాలి

పొడి మిశ్రమాన్ని ట్రేలో నింపి, విత్తనం పెట్టి, పైన నీళ్ళు చల్లడం అనేది నేను చూసిన వాటిలో అన్నిటికన్నా ఎక్కువమంది చేసే తప్పు. ఆ నీళ్ళు పై పొరలోనే ఆగిపోతాయి. తర్వాత ఎన్ని రోజులు చల్లినా లోపల తడవదు.

విత్తడానికి ముందు రోజు సాయంత్రం పెద్ద బేసిన్ తీసుకోండి. సంచిలోంచి తీసేటప్పుడు సన్నటి దుమ్ము లేస్తుంది, ముక్కుకు చున్నీయో తువ్వాలో కట్టుకోండి. 5 లీటర్ల మిశ్రమానికి లీటరు నుంచి లీటరున్నర గోరువెచ్చని నీళ్ళు సిద్ధం చేసుకోండి. పీట్ చన్నీళ్ళ కన్నా గోరువెచ్చని నీళ్ళను త్వరగా పీలుస్తుంది. అంతా ఒకేసారి పోయకండి. పావు వంతు పోసి, పూరీ పిండి కలిపేటప్పుడు అడుగు నుంచి పైకి తెచ్చినట్టు చేత్తో తిప్పండి. మొదట్లో నీళ్ళు ఒకచోట గుంటకడతాయి, పొడి దాని మీద తేలుతుంది, అరచేతికి ఇసుకలా పొడిపొడిగా తగులుతుంది. రెండు వేళ్ళతో నలుపుతూ ఉండండి. నాలుగైదు నిమిషాలకు రంగు మారుతుంది, లేత గోధుమ నుంచి కాఫీపొడి రంగుకు వస్తుంది. అప్పుడు ఇంకో పావు వంతు. ఇలా కలిపి, పైన తడిగుడ్డ కప్పి రాత్రంతా వదిలేయండి.

పొద్దున పిడికెడు తీసుకుని గట్టిగా పిండండి. వేళ్ళ సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే నీళ్ళు ఎక్కువయ్యాయి, ఇంకొంచెం పొడి మిశ్రమం కలపండి. పిడికిలి విప్పగానే పొడిగా రాలిపోతే ఇంకొన్ని నీళ్ళు కావాలి.

ట్రేలో నింపేటప్పుడు బొటనవేలితో కూరకండి. గుంతలు నిండేలా పోసి, ట్రేను రెండుసార్లు నేలకు మెల్లగా తట్టి, పైన అట్టముక్కతో సమం చేస్తే చాలు. అదిమితే గాలి ఉండే చోటంతా పోతుంది.

ఇప్పుడు సన్న చిల్లుల క్యానుతో, అడుగు రంధ్రాలన్నిటి నుంచీ నీళ్ళు వచ్చేదాకా పోయండి. పది నిమిషాలు కారనిచ్చి, రెండు చేతులతో ట్రే ఎత్తండి. ఈ బరువు గుర్తుపెట్టుకోండి. ఇది నిండు బరువు, ముందు ముందు మన లెక్కంతా దీని మీదే. వంటింట్లో తూకం మిషన్ ఉంటే తూచి, ఆ అంకెను టేపు మీద రాసి ట్రే పక్కన అతికించండి.

విత్తనం నుంచి మొలక దాకా

ఈ దశలో పని తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. అర సెంటీమీటరు లోతున విత్తనం పెట్టి, పైన పల్చగా మిశ్రమం చల్లి, స్ప్రే బాటిల్‌తో పైపొర తడపండి. ట్రే మీద ప్లాస్టిక్ షీటు గానీ తడిపిన న్యూస్‌పేపర్ గానీ కప్పండి. ముందే బాగా తడిపారు కాబట్టి మొలిచేదాకా సాధారణంగా మళ్ళీ నీళ్ళు అక్కర్లేదు. రోజూ పొద్దున ఒకసారి కప్పు తీసి చూడండి. పైన రంగు తేలిపోతుంటే స్ప్రే చేయండి, లేదంటే మూసేయండి. తడిసి ఉబ్బిన విత్తనం మొలకెత్తే వేళ ఎండితే చచ్చిపోవచ్చు. మొలిచేదాకా పైపొర ఎండకుండా చూడటమే అసలు పని.

టమాట 5 నుంచి 7 రోజుల్లో, వంగ వారం పది రోజుల్లో, మిరప 8 నుంచి 14 రోజుల్లో మొలుస్తాయి. మిరపకు తొందరపడి రోజూ నీళ్ళు పోసి విత్తనాన్ని కుళ్ళబెట్టుకున్న వాళ్ళు చాలామంది. వంగిన మొలకలు నాలుగైదు కనిపించగానే కప్పు తీసేసి వెలుతురులోకి మార్చండి. అన్నీ మొలవాలని ఆగితే ముందు మొలిచినవి కాడ సాగి పాలిపోతాయి, కప్పు కింద తేమకు బూజు పడుతుంది.

మొలిచాక: బరువు చెప్పే లెక్క

టీ తాగే పేపరు కప్పుతో ఈ లెక్క అందరికీ సులువుగా అర్థమవుతుంది. 200 మిల్లీలీటర్ల కప్పుకు అడుగున మూడు చిల్లులు పెట్టి, మిశ్రమం నింపి, నిండా తడిపి కారనిస్తే నా తూకంలో దాదాపు 150 గ్రాములు తూగింది. అదే మిశ్రమం పూర్తిగా ఎండితే పాతిక గ్రాములు కూడా లేదు. అంటే మిగతాదంతా నీళ్ళే. ఆ నీళ్ళలో సగం ఖర్చయ్యేదాకా, అంటే 90 గ్రాముల దగ్గరికి వచ్చేదాకా, నేను చేయి పెట్టను. 90కి వచ్చిందంటే మళ్ళీ నిండా పోస్తాను. 60కి పడిపోనిస్తే పీట్ నీటిని తోసేసే దశకు దగ్గరైనట్టే.

నాలుగు రోజులు తూచితే చాలు, తర్వాత చేతికే తెలిసిపోతుంది. పచ్చళ్ళ జాడీ ఎత్తగానే లోపల ఎంత మిగిలిందో మనకు తెలియదూ, అలాగే. కొత్తలో అనుమానం వస్తుంటే మొక్కల్లేని కప్పు ఒకటి నిండా తడిపి పక్కన పెట్టుకోండి. ఒక చేత్తో అదీ, ఇంకో చేత్తో మొక్కున్న కప్పూ ఎత్తితే తేడా వెంటనే తెలుస్తుంది.

పైన రంగు తేలిపోవడాన్ని పట్టించుకోకండి. పైపొర ఆరడం మంచిదే, బూజు పట్టదు, ఈగలు చేరవు. ఆకు మెరుపు తగ్గి కాస్త మసకబారితే నీళ్ళ వేళయిందని అర్థం. తలవాల్చేదాకా ఆగకూడదు. కానీ తలవాల్చగానే నీళ్ళు పోసేయడం కూడా తప్పు. వేరు కుళ్ళినా మొక్క అలాగే వాలుతుంది. అందుకే అప్పుడు కూడా ముందు ట్రే ఎత్తండి. తేలిగ్గా ఉంటే దాహం, బరువుగా ఉంటే ఊపిరాడటం లేదు.

ఎన్ని రోజులకోసారి అని అడుగుతారు. మా హాల్లో అదే పేపరు కప్పు జూలైలో ఫ్యాను కింద ఒకటిన్నర రోజుకే సగం అయిపోతుంది, డిసెంబరులో మూడు రోజులు దాటుతుంది. 98 గుంతల ప్రోట్రే అయితే గుంతకు పట్టే మిశ్రమం తక్కువ కాబట్టి రోజూ అడుగుతుంది, వేసవిలో రెండు పూటలా అడగొచ్చు. ఇంకో సంగతి. ట్రే అంచుల్లో ఉన్న గుంతలకు గాలి ఎక్కువ తగులుతుంది, అవి నడిమి వాటికన్నా ముందే ఎండుతాయి. ట్రే మొత్తం బరువు బాగానే ఉన్నా అంచు వరసను వేలితో విడిగా చూసి, అవసరమైతే వాటికి మాత్రమే చిన్న గ్లాసుతో పోయండి. రెండు రోజులకోసారి ట్రేను అటుదిటు తిప్పి పెడితే వెలుతురు కూడా అన్నిటికీ సమానంగా అందుతుంది.

ఎప్పుడు పోసినా పొద్దున్నే పోయండి. రాత్రంతా ఆకులు, కాడలు తడిగా ఉంటే తెగుళ్ళను మనమే పిలిచినట్టు.

కింద నుంచి తాగించడం

మొలకతో వచ్చే మొదటి జంట ఆకుల తర్వాత రెండు నిజమైన ఆకులు వచ్చాక నేను పైనుంచి పోయడం దాదాపు మానేస్తాను. ట్రే పట్టే వెడల్పు పళ్ళెంలోనో, పాత ప్లాస్టిక్ టబ్బులోనో రెండు సెంటీమీటర్ల ఎత్తున నీళ్ళు పోసి, ట్రేను అందులో ఉంచండి. పీట్ వత్తిలా నీళ్ళను పైకి లాగుతుంది. పదిహేను ఇరవై నిమిషాలకు పైపొర మచ్చలు మచ్చలుగా ముదురు రంగుకు మారడం కనిపిస్తుంది. పైనంతా రంగు మారగానే బయటికి తీసి, ట్రేను ఒక మూల మీద వాల్చి కారనివ్వండి. వాల్చడం ఎందుకంటే స్పాంజి సంగతి గుర్తుందిగా, ఎత్తు పెరిగితే అడుగున నిలిచిన నీళ్ళు ఇంకొన్ని దిగుతాయి. అరగంటకు మించి నీళ్ళలో వదలొద్దు. పనిలో పడి మర్చిపోతామనుకుంటే ఫోన్లో అలారం పెట్టుకోండి.

ఈ పద్ధతిలో కాడ తడవదు, విత్తనం కొట్టుకుపోదు, వేరు నీటి కోసం కిందికి దిగుతుంది. ఒక లోటుంది. నీళ్ళతో పాటు ఉప్పు కూడా పైకి వచ్చి, నీరు ఆరాక అక్కడే మిగిలిపోతుంది. పైన తెల్లటి పొర కనిపిస్తే అదే. అందుకని పది పదిహేను రోజులకోసారి వాన నీళ్ళో ఏసీ నీళ్ళో పైనుంచి నిండుగా పోసి, అడుగు నుంచి బాగా కారనివ్వండి. ఆ కారిన నీళ్ళను పళ్ళెంలో ఉంచకుండా పారబోయండి.

మన గాలి, మన కాలాలు

జూన్, జూలై నెలల్లో పడమటి గాలి తిరిగితే మనకు ఇంట్లో ఉన్న గుడ్డ కూడా గంటలో ఆరిపోతుంది. మృగశిర వచ్చినా మన వైపు చల్లబడటం ఆలస్యమే. ఆ రోజుల్లో పడమర కిటికీ దగ్గర ట్రే పెట్టకండి, తూర్పు కిటికీకి మార్చండి. ఫ్యాను నేరుగా తగలకుండా పక్కన ఉంచండి. మెల్లగా గాలి ఆడటం మాత్రం అవసరం, కాడ గట్టిపడుతుంది. ఏసీ గదిలో గాలి చల్లగా ఉన్నా పొడిగా ఉంటుంది, అక్కడ ఎండవు అనుకోవద్దు.

అక్టోబరు, నవంబరుల్లో తుపాను పట్టిందంటే లెక్క తిరగబడుతుంది. మూడు రోజులు ఎండ లేదు, గాలి నిండా తేమ, మొక్క నీళ్ళు తాగదు. ఆ వారంలో నేను ఒక్కసారి కూడా పోయని సందర్భాలున్నాయి. మన జిల్లాల్లో నారు ఎక్కువగా కుళ్ళేది అప్పుడే.

సంక్రాంతికి రెండు రోజులు ఊరెళ్ళాలంటే పాత నూలుగుడ్డను వేలెడు వెడల్పు పీలికలుగా చింపండి. ఒక కొస నీళ్ళ గిన్నెలో, రెండో కొస ట్రే అడుగున తగిలేలా పరిచి, ట్రేను గిన్నె కన్నా కొంచెం ఎత్తులో ఉంచి వెళ్ళండి. ముందు గుడ్డ మొత్తం తడపాలి. పక్కింటి వదినకు తాళం ఇచ్చి "రోజూ కాసిని పోయి వదినా" అని చెప్పడం కన్నా ఇదే భద్రం. ఆవిడ ప్రేమకొద్దీ పోస్తుంది, ట్రే ఎత్తి చూడదు.

తేడా వచ్చినప్పుడు

ట్రే పూర్తిగా ఎండిపోతే పైనుంచి ఎన్ని పోసినా లాభం ఉండదు. గోరువెచ్చని నీళ్ళ పళ్ళెంలో పెట్టండి. ఎండిన ట్రే పడవలా తేలుతుంది, చేత్తో నొక్కి ముంచకండి, నీళ్ళు తగ్గించి అడుగు తాకేలా ఉంచండి. దాంతో పాటు పైన స్ప్రే చేస్తూ ఉండండి. పైనుంచీ కిందనుంచీ తడి కలవడానికి ముప్పావు గంట పట్టొచ్చు. ఆ రోజుకు మొక్కల్ని నీడన ఉంచండి. కాడ గట్టిగా ఉన్నవి సాయంత్రానికి తలెత్తుతాయి.

నీళ్ళు ఎక్కువైతే ట్రేను పాత న్యూస్‌పేపర్ల మందపాటి దొంతర మీద పెట్టండి. కాగితం అడుగు నుంచి నీటిని లాగేస్తుంది. తడిసిన పేపర్లు తీసి రెండు మూడుసార్లు మార్చండి. ఆ తర్వాత బరువు సగానికి వచ్చేదాకా నీళ్ళ మాటే ఎత్తొద్దు.

కాడ నేల దగ్గర నీరుకారినట్టు మెత్తబడి, సన్నబడి, మొక్క పక్కకు పడిపోతే అది నారుకుళ్ళు. పిథియం, రైజోక్టోనియా వంటి కంటికి కనపడని తెగులు జీవుల పని. పడిపోయిన మొక్క మళ్ళీ లేవదు, ఆశపడి ఉంచకండి. దాన్నీ, దాని చుట్టుపక్కల గుంతల్లోని మిశ్రమాన్నీ తీసి బయట పారేసి, చేతులు కడుక్కున్నాకే మిగతా ట్రే ముట్టుకోండి. ట్రేను గాలి ఆడే చోటికి మార్చి నీళ్ళు తగ్గించండి. అయినా పాకుతుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదళ్ళు తడిసేలా పోస్తారు. చేతికి తొడుగు వేసుకోండి, పిల్లలకు అందనివ్వకండి. ముందుజాగ్రత్తగా మిశ్రమంలో ట్రైకోడెర్మా కలిపినవాళ్ళు ఈ రాగి మందు వాడితే ఆ మేలు చేసే శిలీంధ్రం కూడా దెబ్బతింటుంది, ఏదో ఒకటే వాడాలి.

ట్రే చుట్టూ నల్లటి చిన్న ఈగలు ఎగురుతుంటే పైపొర ఎప్పుడూ తడిగా ఉందని తెలుసుకోవచ్చు. వాటి పిల్లపురుగులు పీట్‌లో లేతవేళ్ళు తింటాయి. పైన ఆరనిచ్చి, కింద నుంచే నీళ్ళు పెట్టి, పసుపురంగు జిగురు అట్ట ఒకటి పక్కన నిలబెట్టండి.

లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే నీళ్ళ మీద అనుమానపడండి. సున్నపు గుణం ఎక్కువున్న బోరు నీళ్ళు పోయగా పోయగా మిశ్రమం పులుపు విరిగి, ఇనుము ఉన్నా మొక్కకు అందదు. ఎరువు వేయడం కాదు, నీళ్ళు మార్చడమే దానికి మందు.

బలానికి

పీట్‌లో మొక్కకు తిండి ఉండదు. నిజమైన ఆకులు రెండు వచ్చాక వారానికోసారి 19:19:19 నీటిలో కరిగే ఎరువు లీటరుకు ఒక గ్రాము చాలు. చిన్న టీ చెంచా సుమారు 5 గ్రాములు పడుతుంది కాబట్టి 5 లీటర్లకు ఒక చెంచా అని గుర్తుపెట్టుకోండి. ఎండిన ట్రేకి ఎరువు నీళ్ళు పోయొద్దు, వేరు కాలుతుంది.

బయటికి తెచ్చి నాటేటప్పుడు

నాటడానికి వారం ముందు నుంచి మొక్కల్ని మొదట గంట, తర్వాత రెండు గంటలు అంటూ బయటి వెలుతురుకు అలవాటు చేయండి. ఆ వారంలో నీళ్ళు కాస్త బిగించండి, బరువు సగం కన్నా ఇంకొంచెం తగ్గనివ్వండి. పూర్తిగా ఎండనివ్వొద్దు. టమాట దాదాపు 25 రోజులకు, వంగ 30 నుంచి 35 రోజులకు, మిరప 40 రోజుల చుట్టూ నాటుకు వస్తాయి.

నాటే రోజు రెండు గంటల ముందు ట్రేను నిండా తడపండి. ఎండిన పీట్ ముద్దను నేలలో పెడితే చుట్టూ మడి తడిసినా ఆ ముద్ద తడవదు. మొక్క సాయంత్రమే నాటండి. ముద్ద పైభాగం బయటికి కనపడకుండా అర అంగుళం మట్టి కప్పాలి. బయట మిగిలిన పీట్ గాలికి వత్తిలా పనిచేసి లోపలి తడినంతా లాగి ఆరబెట్టేస్తుంది. కాగితంలా ఉండే పీట్ కుండీలతోనే నాటేవాళ్ళు వాటి పై అంచు చింపేయాలనడానికీ కారణం ఇదే.

నల్లరేగడిలో నాటేవాళ్ళు ఇంకొకటి గమనించాలి. రేగడి మట్టి రేణువులు చాలా సన్నవి, పక్కనున్న గరుకు పీట్‌లోంచి నీటిని తమ వైపు లాక్కుంటాయి. చుట్టూ నేల తడిగా ఉండి మొక్క వాడిపోతుంటే మనకు అంతుపట్టదు. వేళ్ళు ముద్ద దాటి మట్టిలోకి పాకేదాకా, అంటే మొదటి వారం పది రోజులు, మడికి పారించిన నీళ్ళతో సరిపెట్టకుండా పొద్దున్నే ఒక్కో మొక్క మొదట్లోనే చిన్న గ్లాసుతో పోయండి. నాలుగో రోజున ఒక మొక్క పక్కన వేలితో మట్టి తీసి చూడండి. ముద్ద అంచు నుంచి తెల్లటి కొత్త వేరు మట్టిలోకి దిగి కనిపిస్తే రెండు రోజులకోసారికి మార్చవచ్చు. కనిపించకపోతే మట్టి మళ్ళీ కప్పేసి, ఇంకో మూడు రోజులు గ్లాసుతోనే పోయండి.